పోలండు పిల్ల

నవంబరు 3

ఈ నోట్‌బుక్ కోల్మీన్‌ది. మొదటి ఐదు పేజీలు వాడు రాసుకున్నవి. ఆరో పేజీ నుంచి నేను రాస్తున్నాను. ఇంట్లో వేరే నోట్‌బుక్ లేదు.

ఉంది. ఆసుపత్రి నర్సమ్మ ఇచ్చింది డ్రాయరులో ఉంది. దాని అట్ట మీద పువ్వులున్నాయి, నాకు నచ్చలేదు.

"మాట్లాడ్డానికి మనిషి లేకపోతే కాగితంతో మాట్లాడండి" అంది నర్సమ్మ. నాకు మనుషులున్నారన్నాను. "అయితే వాళ్ళతోనే చెప్పండి" అంది. అందుకని రాస్తున్నాను.

వాడు పోయి ఇరవై ఆరు రోజులు. ఫుట్‌బాల్ మైదానంలో, రెండో సగంలో, గోల్ ముందు నిలబడి ఉండగా గుండె ఆగింది. ముప్పై ఒక్క ఏళ్ళు. గోల్‌కీపరుకి పరిగెత్తే పని కూడా లేదు. మా ఐరిష్ ఫుట్‌బాల్లో జట్టుకి పదిహేను మంది; మిగతా పద్నాలుగు మందీ పరిగెత్తారు, వాళ్ళకేమీ కాలేదు.

ఆ ఐదు పేజీలూ వాడు తెచ్చుకున్న ఆ పిల్లకి మా ఐరిష్ నేర్పడానికి రాసినవి. ఏ దేశపు మనిషిని ఏమంటారు, ఒకడైతే ఏమిటి, పదిమందైతే ఏమిటి, వాడి కోటు అనాలంటే ఏమిటి, వాణ్ణి కేకేసి పిలవాలంటే ఏమిటి. మా భాషలో మనిషికి ఏం జరిగినా మాట ముందూ వెనకా మారిపోతుంది. పుట్టినప్పటినుంచీ మాట్లాడుతున్నాను గానీ ఇన్ని మారతాయని ఆ పేజీలు చూసేదాకా నాకు తెలీదు. పదమూడో ఏట బడి మానేసినదాన్ని. అయినా వాడు నన్నే అడిగి రాసుకునేవాడు.

"అమ్మా, ఫ్రాన్సువాడి పడవ అను."

అనేదాన్ని.

"ఫ్రాన్సువాళ్ళు వచ్చారు అను."

"వాళ్ళెందుకొచ్చార్రా మధ్యలో?"

"అనవే."

అనేదాన్ని. రాసుకునేవాడు. వాడి రాత గీత మీద నిలబడదు.

నవంబరు 8

చర్చిలో వాడి నెల పూజ అయింది. ముందు బెంచీలో నేనూ, ఆడపడుచు నెల్లీ, ఆమె మొగుడూ. ఆ పిల్ల ఆరో బెంచీలో కూచుంది. ముందుకు రావద్దని ఎవరూ అనలేదు. నా పక్కన చోటుంది, కాకపోతే నా హ్యాండ్‌బ్యాగు పెట్టాను. బ్యాగు బరువుగా ఉంది.

నవంబరు 9

బ్యాగులో జపమాల, కళ్ళజోడు తప్ప ఏమీ లేవు.

నవంబరు 12

వర్షం. బయటికి వెళ్ళలేదు. మొదటినుంచీ రాస్తాను.

ఆ పిల్లని ఇంటికి తీసుకొచ్చింది నిరుడు ఏప్రిల్లో. చేపల ఫ్యాక్టరీలో వాడు ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు, ఆమె బల్ల దగ్గర చేపలు కోసేది. పేరు యుర్గితా.

"లిత్వేనియా పిల్లమ్మా" అన్నాడు.

"అదెక్కడ?"

"పోలండు పక్కన."

"అయితే పోలండే."

"మన పక్కన ఇంగ్లండుంది. మనం ఇంగ్లీషువాళ్ళమా?"

ఆ రోజు వాడికి చిన్న మాంసం ముక్క వేశాను.

"లిట్టువానాఖ్ అనాలమ్మా. మూడో పేజీలో రాశాను చూడు. పోలనాఖ్ వేరే" అన్నాడు మళ్ళీ. ఆ పిల్ల మాత్రం ఏమీ అనుకోకుండా నవ్వి, బంగాళదుంప ఇంకోటి వేసుకుంది.

మర్నాడు ఫెస్టీ కొట్లో బ్రెడ్డు అర దగ్గర నిలబడి "మావాడు ఒక పోలనాఖ్‌ని పట్టుకొచ్చాడు" అన్నాను. నలుగురు నవ్వారు. మా ఆయన మైక్ పోయాక ఊళ్ళోవాళ్ళు నాతో మాట్లాడేటప్పుడు తల పక్కకి వంచుతారు, నవ్వరు. ఆ రోజు నవ్వారు. అందుకని ఆ మర్నాడు ఇంకోసారి అన్నాను. ఆదివారానికి ఊరంతా పాకింది.

మా ఊళ్ళో ఇంటిపేర్లు ఉత్తరాల మీదకే. పద్దెనిమిది ఇళ్ళలో పదకొండింటిది ఒకే ఇంటిపేరు. అందుకని మనిషి పేరుకి తండ్రిదో తల్లిదో తాతదో తోక తగిలిస్తాం. అలాంటి తోక లేనివాళ్ళకి ఏది దొరికితే అది తగిలిస్తాం, ఇక అది ఊడదు. కొండ కింద పాడ్రిగ్ ముత్తాత బోస్టన్ వెళ్ళి పదకొండు నెలల్లో తిరిగొచ్చేశాడు, అక్కడి రొట్టె పడలేదని. ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ సముద్రం దాటలేదు. అయినా పాడ్రిగ్ ఇప్పటికీ అమెరికావాడి పాడ్రిగే. వాడి గొర్రెలు అమెరికా గొర్రెలు.

ఇదంతా ఎందుకు రాశానంటే, ఆ పిల్లకి పేరు పెట్టింది నేను కాదు. ఊరు పెట్టింది. నేను ఒకట్రెండు సార్లు అన్నానంతే.

నవంబరు 14

నెల్లీ వచ్చింది. "వదినా, సమాధుల తోట చూశావా? పోలండు పిల్ల విమానాశ్రయంలా చేసి పెట్టింది" అంది.

వెళ్ళి చూశాను. కోల్మీన్ మీద ఎర్ర గాజు బుడ్లలో పదకొండు కొవ్వొత్తులు. వాళ్ళ దేశంలో ఈ నెల మొదట్లో అలా పెడతారట. పక్కన మైక్ సమాధి మీద కూడా రెండు పెట్టింది. మైక్ ఎవరో ఆమెకేం తెలుసు.

గాలికి పగులుతాయని ఒక బుడ్డి ఇంటికి తెచ్చాను. వంటింటి కిటికీలో పెట్టాను. వెలిగించలేదు.

నవంబరు 15

వెలిగించాను. వెలుగు చాలలేదు, అందుకని.

నవంబరు 27

ఏమీ లేదు.

డిసెంబరు 11

ఈ రోజు సంగతి ఉన్నది ఉన్నట్టు రాయాలి.

మూడు గంటలకి తలుపు చప్పుడు. మా ఊళ్ళో తలుపు కొట్టేది కరెంటు మీటరు చూసేవాడూ, ఆ పిల్లా. నల్ల రొట్టె తెచ్చింది. టీ పెట్టాను. కుర్చీ అంచున కూచుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఐరిష్‌లో చెప్పింది. బాగా తయారై వచ్చిందని తెలుస్తూనే ఉంది, మధ్యలో ఎక్కడా ఆగలేదు.

"నా లోపల కోల్మీన్ పిల్ల ఉన్నాయి. జూన్‌లో వస్తాయి."

నేనన్నాను: "ఉన్నాయి కాదు, ఉంది. ఒక్కటే కదా. వస్తుంది అనాలి."

"ఉంది. వస్తుంది" అని తిరిగి చెప్పింది, బడిపిల్లలా.

నేను చేసింది అదీ. నా కొడుకు బిడ్డ ఉందని చెప్పడానికి వర్షంలో నాలుగు మైళ్ళు నడిచొచ్చిన పిల్లకి మాట దిద్ది పంపించాను. టీ తాగేసి వెళ్ళిపోయింది. తలుపు మూశాక వంటింట్లో నిలబడే ఉన్నాను, కెటిల్ నీళ్ళు ఆవిరైపోయి అడుగు మాడేదాకా.

కొత్త కెటిల్ కొనాలి.

డిసెంబరు 12

జూన్.

డిసెంబరు 26

పండక్కి నెల్లీ ఇంటికెళ్ళాను. యుర్గితాని పిలవలేదు. ఆమెకి వేరే పని ఉండి ఉంటుంది.

ఫ్యాక్టరీ గదుల్లో ఉండేవాళ్ళంతా వాళ్ళ వాళ్ళ దేశాలకి వెళ్ళారని, ఆమె ఒక్కతే ఉందని తర్వాత తెలిసింది. ఎలా తెలిసిందంటే, వెళ్ళి కిటికీలోంచి చూశాను. లైటు వెలుగుతోంది. కేకు ముక్క మెట్టు మీద పెట్టి వచ్చేశాను.

జనవరి 15

మధ్యాహ్నం ఆమే వచ్చింది, ఖాళీ పళ్ళెం ఇవ్వడానికి. పళ్ళెం మీద నా పేరు లేదు, నాదని ఎలా తెలిసిందో అడగలేదు.

కడుపు ఇంకా కనపడటం లేదు. చెప్పింది: అక్కడ వాళ్ళమ్మ రమ్మంటోంది. ఎనిమిదో నెల వస్తే విమానం ఎక్కనివ్వరు కాబట్టి ఏప్రిల్ ఇరవై లోపల వెళ్ళాలి. వెళితే మళ్ళీ వస్తుందో లేదో ఇంకా తెలీదట.

"నీ ఇష్టం" అన్నాను. ఆ మాటకి ఏ తప్పూ లేదు. ఎటువైపు నుంచి చూసినా సరైన మాటే.

ఆ బిడ్డ ఇక్కడే పెరగాలి. కాగితం మీద గనక రాస్తున్నాను.

జనవరి 19

బ్రెడ్డుకని వెళితే ఫెస్టీ కౌంటరు మీద మోచేతులు ఆనించి అడిగాడు.

"ఏం బార్బ్రా, ఫోలనీ కొడుకు ఎప్పుడొస్తున్నాడు?"

పోలనాఖ్ అంటే పోలండు మనిషి. ఫోలనీ అంటే ఆ మనిషి తాలూకు. అంటే బిడ్డ ఇంకా పుట్టనే లేదు, పేరూ తోకా తయారైపోయాయి.

బ్రెడ్డు తీసుకోకుండా వచ్చేశాను.

మా కోల్మీన్‌ని ఊరంతా కోల్మీన్ బార్బ్రా అనేది. మైక్ పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు. అప్పటిదాకా కోల్మీన్ మైక్. బడిలో వేసేసరికి కోల్మీన్ బార్బ్రా అయిపోయాడు. తల్లి పేరు తగిలించుకుని తిరిగిన మగపిల్లాడు ఈ పరగణాలో వాడొక్కడే. నాకది గర్వం, ఎందుకు దాచాలి. వాడి బిడ్డ ఏదో ఒక పేరు, దాని వెనక కోల్మీన్, దాని వెనక బార్బ్రా అవుతుందనుకున్నాను. డిసెంబరు నుంచీ లోలోపల అలాగే పిలుస్తున్నాను, పేరు చోట ఖాళీ వదిలి.

ఇప్పుడేమో ఆ బిడ్డ, దాని బిడ్డలు, వాళ్ళ గొర్రెలు అన్నీ పోలండువాడివి. అమెరికా పాడ్రిగ్‌లాగే. అందులో నా కొడుకు ఎక్కడా లేడు.

ఈ పేరు మొదట ఎవరన్నారో. నెల్లీ అయి ఉంటుంది.

జనవరి 20

నెల్లీ కాదు.

ఫిబ్రవరి 2

ఇక సరిచెయ్యాలి. మూడో పేజీ తీసి లిట్టువానాఖ్ ఎలా మారుతుందో మొత్తం బట్టీ పట్టాను. ఒకతె, ఇద్దరు, వాళ్ళ తాలూకు, కేకేసి పిలవడం. ఈ వయసులో నాకు పరీక్ష.

ఫెస్టీ కొట్టుకి వెళ్ళాను. "ఆ పిల్ల పోలండు కాదు ఫెస్టీ, లిత్వేనియా. లిట్టువానాఖ్ అనాలి."

"ఏంటి తేడా?"

"నీకూ ఇంగ్లీషువాడికీ ఉన్న తేడా."

ఫెస్టీ బ్రెడ్డు అర వైపు చెయ్యి చూపించాడు. "పోలనాఖ్ అని మాకు నేర్పిందెవరు బార్బ్రా? నువ్వు అదిగో ఆ బ్రెడ్డు దగ్గరే నిలబడ్డావు. నాకు గుర్తుంది, ఆ రోజు ఎండ కూడా కాసింది."

"తప్పు చెప్పాను."

"ఇప్పుడు చెబితే ఎలాగమ్మా. మా నాన్నకి ఎనభై ఆరేళ్ళు, ఒకసారి నేర్చుకున్నది మళ్ళీ మార్చలేడు. అయినా గ్యారేజీ వాడిని చూడు."

గ్యారేజీలో మెకానిక్ ఉన్నాడు. ఈ చుట్టుపక్కల ఉన్న ఒకే ఒక్క అసలైన పోలండువాడు. అతన్ని అందరూ రష్యావాడు అంటారు. వచ్చిన కొత్తలో బొచ్చు టోపీ పెట్టుకున్నాడు, అదీ కారణం. మొదట్లో కాదు కాదని చెప్పేవాడు. ఇప్పుడు ఫోనెత్తి తనే "రష్యావాణ్ణి మాట్లాడుతున్నా" అంటాడు.

ఫిబ్రవరి 10

నెల్లీకి చెప్పాను. పోస్టు అబ్బాయికి చెప్పాను. చర్చి మెట్ల మీద ఇద్దరికి చెప్పాను. అందరూ బుద్ధిగా తలూపారు. వెనక్కి తిరిగాక వినపడింది: "బార్బ్రాకి ఆ పోలండు పిల్ల మీద ఎంత ప్రేమో చూడు."

మార్చి 9

ఆదివారం భోజనానికి పిలిచాను. పంది మాంసం, క్యాబేజీ చేశాను. ఈసారి తలుపు కొట్టకుండా లోపలికి రమ్మని చెప్పాను. అయినా కొట్టింది.

కడుపు బాగా కనపడుతోంది. టికెట్టు కొన్నానని చెప్పింది. ఏప్రిల్ ఇరవై.

"ఎందుకు?" అన్నాను. ఏమీ తెలీనట్టు.

ఫోర్కు కింద పెట్టింది. ఆమె ఐరిష్ ఇప్పుడు బాగుంది, చిన్న చిన్న తప్పులున్నా నేను దిద్దలేదు. "ఫ్యాక్టరీలో నాకు నంబరు ఉంది. రోడ్డు మీద నేను పోలండు. కోల్మీన్ ఉన్నప్పుడు అది నవ్వులాట. ఇంట్లో పేరు ఉంటే బయట ఏమన్నా పర్లేదు. ఇప్పుడు ఇంట్లో ఎవరూ నన్ను పిలవరు. పుట్టేది కూడా వినేది అదే మాట."

"ఆ మాట మొదట అన్నది నేనే" అన్నాను. "ఫెస్టీ కొట్లో."

"తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"కోల్మీన్. అదే వారం. చాలా నవ్వాడు. 'మా అమ్మ ఇరవై ఏళ్ళ తర్వాత ఒక జోకు వేసింది, అది నీ మీద' అన్నాడు. అందుకే నాకు కోపం రాలేదు."

నేను లేచి బంగాళదుంపల గిన్నె పొయ్యి మీద పెట్టి, మళ్ళీ దింపాను. ఉండిపొమ్మని అడగలేదు. దక్షిణం వైపు గది గాలికి తెరిచి పెట్టానని, తడి వాసన పోయిందని, మంచం కూడా మార్చానని మాత్రం చెప్పాను.

"మంచి గది" అంది.

మార్చి 10

మంచం ఇంకా మార్చలేదు. ఇవాళ మార్పించాను.

మార్చి 28

ఈ వసంతంలో ఇంటి పూజ మా వంతు. తొమ్మిదేళ్ళకోసారి వస్తుంది. ఫాదర్ వచ్చి వంటింటి బల్ల మీద పూజ చేస్తారు, చుట్టూ పద్దెనిమిది ఇళ్ళవాళ్ళు మోకాళ్ళ మీద ఉంటారు, వాళ్ళ కళ్ళు మాత్రం గోడల మీద ఉంటాయి, రంగు ఎక్కడ పోయిందో చూస్తూ. ఈ ఏడు వద్దని, దుఃఖంలో ఉన్నారు కదా, తన ఇంటికి మార్చుకుందామని నెల్లీ అంది. ఫాదర్ కూడా అన్నారు.

వద్దన్నాను. గోడలకి రంగు వేయిస్తున్నాను. పసుపు.

ఏప్రిల్ 11

పూజ అయింది. చేతులు నొప్పి, అయినా ఈ రోజే రాయాలి.

సాయంత్రం ఆరింటికి అందరూ వచ్చారు. యుర్గితాని మధ్యాహ్నమే రమ్మన్నాను, శాండ్‌విచ్‌లు కొయ్యడానికి. చేపలు కోసిన చెయ్యి, రొట్టె మీద పరిగెత్తింది. జనం రావడం మొదలుపెట్టాక వెళ్ళి తలుపు దగ్గర, కోట్లు తగిలించే చోట నిలబడింది.

పూజ చివర ఫాదర్ ఇళ్ళ జాబితా చదువుతారు. ఎవరి పేరు చదివితే వాళ్ళు 'ఉన్నాం' అనాలి. మా తాతల కాలం నుంచీ అంతే. ఆ జాబితా ఎవరింట్లో పూజ అయితే వాళ్ళు రాయాలి. నేను రెండు రోజులు కూచుని రాశాను. వాడి రాత కన్నా నా రాతే నయం.

ఫాదర్ చదివారు. కొండ కింద పాడ్రిగ్ ఇల్లు. ఉన్నాం. ఫెస్టీ ఇల్లు. ఉన్నాం. నెల్లీ ఇల్లు. ఉన్నాం. అన్నిటికన్నా చివర మా ఇల్లు రాశాను. ఫాదర్ కళ్ళజోడు సరిచేసుకున్నారు.

"బార్బ్రా ఇల్లు. బార్బ్రా, యుర్గితా... స్టా... స్టాన్కుటె."

పొయ్యి మీద కెటిల్ మూత చప్పుడు చేస్తోంది. నేను బల్ల మీద గుడ్డ అంచు సర్దుతున్నాను. పద్దెనిమిది ఇళ్ళవాళ్ళూ మోకాళ్ళ మీద ఉండగానే కోట్ల వైపు తిరిగారు.

"ఉన్నాం" అంది యుర్గితా.

టీ పోస్తుంటే అందరూ పసుపు రంగు గురించే మాట్లాడారు. నెల్లీ మాత్రం నా చెవి దగ్గర "వదినా, ముందు ఒక మాట చెబితే నీ సొమ్మేం పోయేది?" అంది. చెబితే నాకే ధైర్యం పోయేది. అది ఆమెకి చెప్పలేదు.

అప్పుడు ఫెస్టీ, నోట్లో శాండ్‌విచ్ పెట్టుకుని, వంటింటి అవతలి చివర నుంచి కేకేశాడు. "యుర్గితా బార్బ్రా, ఆ పాలు ఇటు పంపించమ్మా."

ఎవరూ నవ్వలేదు. పాలు పంపించింది. ఆ తర్వాత ఇంకెవరో చక్కెర అడిగారు, అదే పేరుతో. అంతే. రెండేళ్ళుగా ఊరు నోట్లో నానిన మాట, పాల జగ్గు ఒక చేతినుంచి ఇంకో చేతికి మారేలోపల మారిపోయింది. నేను రెండు నెలలు గడప గడపకీ తిరిగి పాఠం చెప్పాను, ఒక్కరు నేర్చుకోలేదు. ఆమెకి తగిలించడానికి ఒక ఇల్లు కనపడేసరికి దేశం అక్కర్లేకపోయింది.

ఫెస్టీ వాళ్ళ నాన్న మాత్రం వెళ్ళేటప్పుడు "పోలండు పిల్ల టీ బాగా పెట్టింది" అన్నాడు. ఆయన పోయేదాకా ఆ మాట ఉంటుంది.

గిన్నెలు కడుగుతుంటే యుర్గితా అంది: "నన్ను అడగలేదు మీరు."

"అడిగితే కాదంటావని."

"ఎవరు చెప్పారు?"

"మరి కాదంటావా?"

గిన్నె తుడిచి బోర్లించింది. "ఆ గదిలో తడి వాసన ఇంకా ఉంది" అంది.

ఏప్రిల్ 20

దక్షిణం గది కిటికీ తెరిచే ఉంచుతున్నాం. టికెట్టు ఆగస్టుకి మార్చింది. మూడు టికెట్లు. బిడ్డని చూపించడానికి వెళ్ళి రావడం. ఒకటి నాది. పాస్‌పోర్టు ఫోటోలో నేను దొంగలా ఉన్నాను.

మే 6

వాళ్ళ ఇంటిపేర్ల సంగతి చెప్పింది. తండ్రిది స్టాన్కుస్ అయితే పెళ్ళికాని కూతురిది స్టాన్కుటె అట. మగాడికొకటి, కూతురికొకటి, పెళ్ళానికొకటి. "మాకూ అంతే కదా" అన్నాను. గంటసేపు ఎవరికెవరు ఏమవుతారో వేళ్ళ మీద చూసుకున్నాం. వాడుంటే రాసుకునేవాడు.

జూన్ 7

ఆడపిల్ల. తెల్లవారుజామున. మూడు కిలోల రెండొందలు. వాడి చెవులు.

జూన్ 8

వాడి చెవులే. ఇంకోసారి చూశాను.

జూన్ 22

బాప్తిస్మం. పేరు ఓనా. యుర్గితా వాళ్ళ నాయనమ్మ పేరు. మాలో ఆన్య అంటామే, అదే. ఫాదర్ నీళ్ళు పోస్తే ఏడవలేదు, ఆయన వైపు అదోలా చూసింది.

జూలై 13

పాపని బండిలో వేసుకుని మొదటిసారి కొట్టుకెళ్ళాను. ఎండగా ఉంది. దారిలో కొండ కింద పాడ్రిగ్ గొర్రెల్ని ఆపి, బండిలోకి వంగి చూశాడు. "ఓహో, ఓనా యుర్గితా బార్బ్రా వచ్చిందే" అన్నాడు.

కొట్లో ఫెస్టీ కౌంటరు దాటి బయటికొచ్చాడు. వాడు దేనికీ బయటికి రాడు. "ఎలా ఉన్నావే ఓనా యుర్గితా బార్బ్రా" అని పాప గుప్పిట్లో వేలు పెట్టాడు. చెప్పులు లేకుండా మెట్ల మీద కూచున్న పెద్దాయన, ఫెస్టీ వాళ్ళ నాన్న, ఎనభై ఆరేళ్ళ మనిషి, ఆయన కూడా అదే అన్నాడు, ఎక్కడా తడబడకుండా.

పోలండు లేదు. ఎవరి నోటా లేదు. నేను కోరుకున్నదే. పాప పేరు చివర నా పేరుంది. బ్రెడ్డు, పాలు తీసుకుని బయల్దేరాను. వంతెన దాకా వచ్చాక మెల్లిగా పైకి అనుకుంటూ నడిచాను, ఓనా యుర్గితా బార్బ్రా, ఓనా యుర్గితా బార్బ్రా. వంతెన మీద ఆగిపోయాను.

బండి తిప్పుకుని మళ్ళీ కొట్టుకే వెళ్ళాను.

"ఫెస్టీ, ఇది ఓనా కోల్మీన్."

"అయ్యో, తెలీదా బార్బ్రా. వాడి చెవులే."

"అయితే అలా అనండి మరి."

ఫెస్టీ కౌంటరు తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు. మంచివాడే. "చూడు బార్బ్రా, రోడ్డు మీద ఎవరు వేలు పట్టుకుని నడిపిస్తే వాళ్ళ పేరు తగులుతుంది. అది మనం కూచుని పెట్టేది కాదు. మీ కోల్మీన్‌కి నీ పేరు తగిలింది ఎలాగ మరి?"

రాత్రి రాయకూడదనుకున్నాను, అందుకే పొద్దుండగానే రాస్తున్నాను. పాప లోపల దక్షిణం గదిలో నిద్రపోతోంది. యుర్గితా బయట బట్టలు ఆరేస్తోంది, ఆమె భాషలో ఏదో పాడుకుంటోంది.

వాడికి నాలుగేళ్ళప్పుడు, వేలు పట్టుకుని బడికి తీసుకెళ్ళిన రోజున, గేటు దగ్గర ఎవరో మొదటిసారి కోల్మీన్ బార్బ్రా అన్నారు. నేను నిటారుగా నడిచాను. ఇరవై ఏడేళ్ళు అలాగే నడిచాను. ఆ గేటు దగ్గర వాడి పేరులోంచి ఎవరిని దిగబెట్టి వచ్చానో ఒక్కనాడూ వెనక్కి తిరిగి చూడలేదు.

మైక్, అప్పుడు నీకెలా ఉందో నాకు ఇప్పుడు తెలిసింది.